‘తందాన’ అనేదెవరు?

బుర్రకథకు ముగ్గురు కావాలని అందరికీ తెలుసు. నడుమ తంబుర భుజాన వేసుకుని, వేళ్ళకు అందెలు తొడుక్కుని కథకుడు. ఒక పక్కన నవ్వించే హాస్యగాడు, ఇంకో పక్కన లోకం తీరు మీద చురకలు వేసే రాజకీయ వంతగాడు. వంతలిద్దరి చేతుల్లో గుమ్మెటలు. ఇంతవరకు పిల్లల పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంటుంది. వాటిలో లేనివాడు నాలుగోవాడు. అతను అన్నం తినేసి, భుజాన దుప్పటి వేసుకుని వచ్చి చాప మీద కూర్చుంటాడు. కథకుడు తప్పు చెబితే పక్కవాడితో గొణుగుతాడు. బాగా చెబితే ‘ఆహా’ అంటాడు. వంతగాళ్ళు ‘తందాన’ అన్నప్పుడు తనూ గొంతు కలుపుతాడు. ఈ నాలుగోవాడు రాకపోతే మిగతా ముగ్గురూ ఎంత గొప్పవాళ్ళయినా ఆ రాత్రి కథ తొమ్మిదిన్నరకే ముగిసిపోతుంది.

ఆ నాలుగోవాడి కోసమే ఈ వారం రొంపిచెర్ల దాకా వెళ్దాం. చిత్తూరు జిల్లాలోనూ ఒక రొంపిచెర్ల ఉంది గనుక ముందే చెప్పేస్తే మంచిది. ఇది నరసరావుపేట దగ్గరి రొంపిచెర్ల. మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4 దాకా గుంటూరు జిల్లా, ఆ రోజు నుంచి పల్నాడు జిల్లా. రొంపి అంటే బురద. ఆ పేరు ఎందుకొచ్చిందో ఊరి పెద్దల్ని అడగాలి గానీ, 1967లో సాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలాక ఈ ప్రాంతంలో బురదకు కరువు లేకుండా పోయింది. వరి, మిరప, పత్తి. ఏడాదిలో చాలా సాయంత్రాలు ఈ మూడింటికే సరిపోతాయి.

ఇలాంటి ఊళ్ళో సంగీత సభ, టిక్కెట్టు కౌంటరు, ముందు వరసలో సోఫాలు అంటూ వెతకడం దండగ. ఇక్కడ కచేరీకి వేరే పేర్లున్నాయి. శ్రీరామనవమి పందిరి, దసరా పందిరి, గ్రామదేవత కొలుపు, తిరునాళ్ళు. యూరియా బస్తాలు విప్పి కుట్టిన పట్టా పరిస్తే అదే హాలు. ముందు పిల్లలు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు, అటూ ఇటూ మగవాళ్ళు, అందరికన్నా వెనక గోడకు ఆనుకుని నిలబడే కుర్రాళ్ళు. ఆ కుర్రాళ్ళు కథ వినడానికే వచ్చారని చెప్పలేం. కానీ వచ్చారు.

టిక్కెట్టు లేదన్నాను గానీ, డబ్బు లేకుండా ఏదీ నడవదు. దానికి ఒక పద్ధతి ఉంది. చదివింపులు. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరబోతూ మాంచాల వాకిట నిలబడతాడు. ఆమె ఏమంటుందోనని జనమంతా ఊపిరి బిగబట్టి ఉంటారు. సరిగ్గా అక్కడ కథకుడు తంబుర ఆపేస్తాడు. పళ్ళెం బయల్దేరుతుంది. ‘ఫలానా వారు నూట పదహార్లు చదివించారు, వారి కుటుంబం చల్లగా ఉండాలి’ అని మైకులో వినబడుతుంది. ఆ పేరు విన్న ఎదురింటాయన ఊరుకుంటాడా? ఆయనా చదివిస్తాడు. ఇద్దరి పంతం వల్ల కథ బృందానికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి. టీవీ సీరియళ్ళవాళ్ళు మంచి పట్టులో కథ ఆపి ప్రకటనలు వేయడం తామే కనిపెట్టామనుకుంటే అది వాళ్ళ భ్రమ.

పద్య నాటకమైతే ‘వన్స్ మోర్’ సంగతి వేరే చెప్పాలి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్య హరిశ్చంద్ర’లో కాటి సీను వచ్చిందంటే నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. ఆ సీనులో నటులు తరతరాలుగా పాడుతున్న శ్మశానం పద్యాలు కొన్ని అసలు ఆ నాటకంలోవి కావు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారివి. నాటకం రాసినాయన ఒకరు, జనం వన్స్ మోర్ కొట్టే పద్యాలు రాసినాయన ఇంకొకరు. జాషువా పద్యం లేకుండా కాటి సీను ఆడితే పల్నాటి ప్రేక్షకుడు ఊరుకోడు. మరి నాటకంలోకి ఏం రావాలో తేల్చిందెవరు? మన నాలుగోవాడే.

ఈ నాలుగోవాడు ఈనాటివాడేమీ కాదు. ‘క్రీడాభిరామం’ అనే పాత కావ్యం ఉంది. వినుకొండ వల్లభరాయుడు రాశాడంటారు. కాదు, శ్రీనాథుడే రాశాడని పండితులు కొందరు వాదిస్తారు. ఆ తగవు మనకొద్దు. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. కనిపించినవన్నీ చూస్తారు, విన్నవన్నీ వింటారు. అక్కడ ఒకామె పల్నాటి వీరుల కథ పాడుతోంది. వేగమైన తాళంలో వాద్యం మోగిస్తూ, ద్విపదలో. ఆమె నోటి వెంట వచ్చే ఒక్కొక్క అక్షరానికీ వింటున్న కుర్రాళ్ళు కేకలు వేస్తూ ఊగిపోతున్నారట. ఆరు వందల ఏళ్ళ కిందటి కవి పాట ఎలా ఉందో చెప్పి ఊరుకోలేదు చూడండి, విన్నవాళ్ళు ఏం చేశారో కూడా చెప్పాడు. కచేరీ సమీక్ష అంటే అది. పాడింది ఆడమనిషి అన్నది కూడా గమనించాల్సిందే. ఎక్కడి ఓరుగల్లు, ఎక్కడి పల్నాడు! పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున సవతి అన్నదమ్ములు కొట్టుకున్న కథ అంత దూరం నడిచి వెళ్ళిందంటే, దాన్ని మోసినవాళ్ళు పాటగాళ్ళే.

శ్రీనాథుడి సంగతే మరో తమాషా. పల్నాటి జొన్నకూడునూ రాళ్ళనూ ఆయన చాటువుల్లో వెక్కిరించాడని చెప్పుకుంటారు. ఆయనే ఇక్కడి వీరుల కథను మంజరీ ద్విపదలో రాసి మాచర్ల చెన్నకేశవుడికి అంకితమిచ్చాడనీ చెప్పుకుంటారు. ఆ ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేయించారు. అంతవరకూ ఆ కథ బతికింది తాటాకుల మీదా, గొంతుల్లోనూ.

ఆ గొంతులు ఎవరివి? వీరవిద్యావంతులవి. ఎక్కువగా మాల కులంవాళ్ళు. చేత కత్తి పట్టి, పంబజోడు మోగుతుంటే, తిత్తి శ్రుతిలో పాడతారు. కారెంపూడిలో ఏటా కార్తీక మాసం చివర వీరారాధన ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఒక్కో రోజుకు కథలోని ఘట్టం పేరు. పాటగాడు పాడుతుంటే జనం విని ఇళ్ళకు వెళ్ళిపోవడం కాదు, అయిదు రోజుల పాటు ఆ కథలోనే తిరుగుతారు. అమెరికా నుంచి వచ్చిన పరిశోధకుడు జీన్ రోగేర్ 1970లలో అలిశెట్టి గాలేయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి అనువదించారు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్ని పుస్తకంగా వేశారు. ఒక్క మనిషి గుర్తులోంచి అంత పెద్ద పుస్తకం వచ్చింది. గాలేయ్యకు అదంతా గుర్తుందంటే, అన్ని రాత్రులు కూర్చుని విన్న ఊళ్ళు ఉన్నట్టే. ఎవరూ అడగని పాటను ఏ పాటగాడూ ఏళ్ళ తరబడి గుర్తుంచుకోడు.

ఇక్కడ మనసులో ముల్లులా గుచ్చుకునే విషయం ఒకటుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని, అదే చాపకూడు అని కథ చెబుతుంది. మాల కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనాధిపతిని చేశాడనీ చెబుతుంది. మందపోరు రోజున కారెంపూడిలో చాపకూడు పెడతారు కూడా. అంత గొప్ప కథను తరతరాలు మోసినవాళ్ళ ఇళ్ళు మాత్రం ఊరి చివరే ఉండిపోయాయి. పాటకు చెవి ఇచ్చిన ఊరు పాటగాడికి చాప ఎంతవరకు పరిచిందన్నది పల్నాడు తనను తాను అడగాల్సిన ప్రశ్న.

ఇక నాజర్ గారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టారు. హార్మోనియం, సంగీతం నేర్చుకున్నారు. నాటకాల్లో వేషాలు వేశారు. 1940లలో ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథను తిరగరాశారు. అప్పటికి అది జంగం కథల నుంచి వచ్చిన పాత కళ. ఆయన చేతిలో అది బెంగాల్ కరువు గురించి చెప్పింది, అల్లూరి సీతారామరాజు గురించి చెప్పింది. పల్నాటి యుద్ధాన్నీ కొత్తగా చెప్పింది. జనం ఎంతగా విన్నారంటే, మద్రాసులో తెల్లదొరలు, హైదరాబాదులో నిజాం బుర్రకథను నిషేధించేదాకా వెళ్ళింది. మోటూరి ఉదయం గారు ఆడవాళ్ళతోనే ఒక బుర్రకథ దళం కట్టి ఊళ్ళు తిరిగారు. క్రీడాభిరామం నాటి ఆ పాటకత్తెకు వారసులు దొరకడానికి అయిదారు వందల ఏళ్ళు పట్టిందన్నమాట. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయారు. అంగడాల వెంకట రమణమూర్తి గారు రాసిన ఆయన జీవిత కథ పేరు ‘పింజారి’. జనం చిన్నచూపుతో పిలిచే కులం పేరునే అట్ట మీద పెట్టించుకున్న ధైర్యం ఆయనది.

1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో స్టేషను మొదలైంది. బుర్రకథ ఇంటింటికీ చేరింది. మంచిదే. కానీ రేడియోకు గడియారం ఉంది. మూడు రాత్రుల కథను అరగంటలోనో గంటలోనో ముగించాలి. ఇంట్లో కూర్చుని విన్నవాడి ‘ఆహా’ కథకుడికి వినబడదు. తర్వాత టీవీ, ఆ తర్వాత రికార్డింగ్ డ్యాన్సులు. కోటప్పకొండ తిరునాళ్ళలో శివరాత్రి రోజున కొండ కింద నిలబడే విద్యుత్ ప్రభలను చూసే ఉంటారు. ఆకాశమంత ఎత్తు, కళ్ళు చెదిరే దీపాలు, ముందు స్టేజీ. ఆ స్టేజీల మీద ఎక్కువసేపు మోగేది సినిమా పాటే. అది చూసేవాళ్ళను తప్పు పట్టను. ఎండలో మిరపకాయ కోసి వచ్చినవాడు తనకు నచ్చింది చూస్తాడు. నా బాధల్లా ఒకటే. సినిమా పాట ఏడాది పొడుగునా చేతిలోని ఫోనులోనే ఉంది. కథకుడు ఏడాదికి ఒక్కసారి వస్తాడు. ఆ ఒక్కసారైనా స్టేజీ ఆయనకు ఇవ్వొచ్చు కదా!

మిగతా దేశాల్లోనూ ఈ గొడవ ఉంది. ఇంగ్లండులో 1950, 60లలో పాత జానపద గీతాలు మాయమైపోతున్నాయని కొందరు పూనుకుని, సారాయి దుకాణాల మీద ఉండే గదులు మాట్లాడుకుని వారానికో రోజు పాటల కొలువు పెట్టారు. ఫోక్ క్లబ్ అన్నారు. ఇవాన్ మకాల్, పెగ్గీ సీగర్ లండన్‌లో 1961లో మొదలుపెట్టిన సింగర్స్ క్లబ్బులో ఒక నియమం ఉండేది. ఎవరి భాష పాట వాళ్ళే పాడాలి. ఆ నియమం నాకంతగా నచ్చదు. అదే పట్టుకుంటే నాజర్ గారి బుర్రకథలో శాస్త్రీయ రాగాలు వచ్చేవి కావు. కానీ ఆ క్లబ్బుల్లో మరో అలవాటు ఉంది, అది మాత్రం మనం ఎత్తుకురావచ్చు. పేరున్న గాయకుడు పాడే ముందు, వినడానికి వచ్చినవాళ్ళలోంచే ఇద్దరు ముగ్గురు లేచి చెరో పాట పాడతారు. పాడినవాళ్ళకు ప్రవేశం ఉచితం.

రొంపిచెర్లలో నెలకో సాయంత్రం ఇలాంటిది పెడితే ఎలా ఉంటుంది? హైస్కూలు ఆవరణ చాలు. ముందు ఊళ్ళో భజన బృందం, నాట్లప్పుడు పాటలు పాడిన ముసలమ్మ ఒకరు, కోలాటం నేర్చుకుంటున్న పిల్లలు. ఒక్కొక్కరికీ పది నిమిషాలు. తర్వాత కథకుడు, ఆయనకు గంటల లెక్క లేదు. పల్నాటి కథే చెబితే నెలకో ఘట్టం చొప్పున ఏడాదంతా నడుస్తుంది. పోయిన నెల ఎక్కడ ఆపారో పిల్లలకు గుర్తుంటుంది, మనకు గుర్తుండకపోయినా. మిరపకోతల నెలల్లో మానేయొచ్చు, ఎలాగూ ఎవరూ రారు.

డబ్బు మాట ముందే తేల్చుకోవాలి. డప్పు కళాకారుల పింఛను 2024 జులైలో నెలకు 4 వేల రూపాయలయింది. అది వయసు మళ్ళినవాళ్ళకు అన్నం పెడుతుంది గానీ కొత్త కుర్రాడి చేత గుమ్మెట పట్టించదు. వాడికి పిలుపు కావాలి, ఏడాదికి పన్నెండు పిలుపులు రాసి ఉన్న కాగితం కావాలి. కాబట్టి బృందానికి ఇచ్చేది ఇంత అని ముందే మాట్లాడి ఇచ్చేయాలి. చదివింపులు దానికి అదనం, దానికి బదులు కాదు. మాంచాల వాకిట కథ ఆపే హక్కు మాత్రం కథకుడికి అలాగే ఉంచుదాం, అది లేకపోతే సరదా ఉండదు.

ఇంకో చిన్న ఏర్పాటు. కథ ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ వేళప్పుడు వాద్యాలు నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద ఆటో కోసం చూసే అవస్థ వాళ్ళకు ఉండకూడదు. ఊరి నడుమ ఎవరో ఒకరి ఇంట్లో ముగ్గురికీ పడకలు వేయించాలి. పొద్దున్నే ఆ ఇంటివాళ్ళతో కలిసి టిఫిను తిని, నరసరావుపేట బస్సెక్కుతారు.