‘వెళ్ళాను’ కాదు, ‘వెళ్ళేవాడిని’

చిన్నప్పుడు వేసవి సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళేవాడిని. ఈ ఒక్క వాక్యం ఫ్రెంచ్‌లో చెప్పబోయి దొరికిపోయాను.

లాంగ్వేజ్ ఎక్స్‌ఛేంజ్ యాప్‌లో ఒక ఫ్రెంచ్ అమ్మాయితో చాటింగ్. ‘జె సుయి అలే’ అని టైప్ చేశాను. "ఏ సంవత్సరం? ఒక్కసారే వెళ్ళావా?" అని అడిగింది. పదేళ్ళ వేసవి సెలవులు నా వాక్యంలో ఒక్క ట్రిప్ అయిపోయాయి! అక్కడ ‘జాలే’ అనాలట.

నేను ఇంటర్‌లో తెలుగు వదిలేసి ఫ్రెంచ్ తీసుకున్నవాణ్ణి. కారణం మార్కులు, ఇంకేం కాదు. మార్కులు వచ్చాయి కూడా. మరి ఇంత చిన్న వాక్యం ఎందుకు రాలేదు?

ఫ్రెంచ్‌లో మాట్లాడేటప్పుడు గతాన్ని ముఖ్యంగా రెండు రకాలుగా చెప్తారు. జరిగి అయిపోయిన పనికి పాస్సే కొంపోజే. అలవాటుగా జరిగినదానికీ, వెనకాల నడుస్తున్న పరిస్థితికీ ఆంపర్ఫే. మొదటిది రెండు ముక్కలు: ‘అవ్‌వార్’ అంటే కలిగి ఉండటం, ‘ఎత్ర్’ అంటే ఉండటం. వీటిలో ఒకదాన్ని వర్తమానంలో పెట్టి, పక్కన అసలు క్రియ పార్టిసిపుల్ పెట్టాలి. ‘జే మాంజే’ అంటే తిన్నాను. రెండోది ఇంకా తేలిక. వర్తమానంలో ‘మనం’కి వాడే రూపం తీసుకుని, చివరి ప్రత్యయం పీకేసి, కొత్తది తగిలించాలి. ‘ఎత్ర్’ని పక్కన పెడితే దాదాపు అన్ని క్రియలకీ ఇదే రూలు.

తయారుచెయ్యడం మాకు బాగానే నేర్పారు. ఎప్పుడు ఏది వాడాలన్నదే తలకెక్కలేదు. ఎందుకంటే మేం ఫ్రెంచ్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నాం. నా బుర్రలో తెలుగు వాక్యం ముందు ‘ఐ వెంట్’ అయింది, తర్వాత ఫ్రెంచ్ అయింది. ఫొటోని బాగా కంప్రెస్ చేసి, మళ్ళీ పెద్ద సైజులో సేవ్ చేస్తే పోయిన పిక్సెల్స్ తిరిగి రావు కదా, అలాగన్నమాట. ‘వెంట్’ దగ్గరే ‘వెళ్ళాను’, ‘వెళ్ళేవాడిని’ రెండూ కలిసిపోయాయి. ఇంగ్లీషులో ‘యూజ్డ్ టు’ ఉందిగా అంటారు. ఉంది. కానీ అది వాడకపోయినా అక్కడ వాక్యం నడిచిపోతుంది. తెలుగులో నడవదు. "చిన్నప్పుడు రోజూ క్రికెట్ ఆడాను" అని ఎవరైనా అంటే మనకి చెవిలో ఏదో గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకోవడమే ఆంపర్ఫే పాఠం. అది మనకి ఇంట్లోనే అయిపోయింది.

నా అభిప్రాయం ఇదే: తెలుగువాళ్ళకి ఫ్రెంచ్ భూతకాలం తెలుగులోంచి చెప్పాలి. ఇంకో రెండు చోట్ల చూడండి.

‘జె సావే’, ‘జే స్యు’. ఇంగ్లీషులో రెండూ ‘ఐ న్యూ’ అయిపోతాయి. తెలుగులో మొదటిది "నాకు ముందే తెలుసు", రెండోది "నాకు నిన్న తెలిసింది". ఏ తెలుగు పిల్లాడూ ఈ రెండూ కలిపెయ్యడు.

ఇక ‘ఎత్ర్’ గొడవ. చాలా క్రియలకి ‘అవ్‌వార్’ వస్తుంది. వెళ్ళడం, రావడం, పుట్టడం, చావడం లాంటి కొన్నిటికి ‘ఎత్ర్’. వీటికోసం మాతో ‘డాక్టర్ మిసెస్ వాండర్‌ట్రాంప్’ అని బట్టీ పట్టించారు. ఆవిడ పేరులో 16 అక్షరాలు, 16 క్రియలు. పరీక్షకి ఆవిడే గతి, కాదనను. కానీ అదే క్రియ ఒకచోట ‘ఎత్ర్’, ఇంకోచోట ‘అవ్‌వార్’ ఎందుకు తీసుకుంటుందో ఆవిడ చెప్పదు. ‘ఎల్ ఎ మోంతే’ అంటే ఆమె పైకి ఎక్కింది. ‘ఎల్ ఆ మోంతే లా వలీజ్’ అంటే సూట్‌కేసు పైకి ఎక్కించింది. ఎక్కింది, ఎక్కించింది. దిగింది, దించింది. పని ఇంకో వస్తువు మీద పడగానే ఫ్రెంచ్‌లో ‘అవ్‌వార్’ దిగుతుంది. అలాగే ‘ఎల్ ఆ క్వాఫే’ అంటే వేరేవాళ్ళకి తల దువ్వింది, ‘ఎల్ సె క్వాఫే’ అంటే తనే దువ్వుకుంది. మన ‘కొను’ లాంటిది చేరగానే అక్కడ ‘అవ్‌వార్’ పోయి ‘ఎత్ర్’ వచ్చింది.

వచ్చాడు, వచ్చింది అని క్రియలోనే మగ, ఆడ తేడా చూపించడం కూడా మనకి కొత్త కాదు. ఫ్రెంచ్‌లో ‘ఎత్ర్’తో వచ్చినప్పుడు పార్టిసిపుల్ కర్తని బట్టి మారుతుంది. అతను చనిపోతే ‘మోర్’, ఆమె చనిపోతే ‘మోర్త్’. ఇంగ్లీషులో ఇద్దరికీ ‘డైడ్’ ఒక్కటే.

అన్నీ ఇలా అతుకుతాయని చెప్తే అబద్ధం అవుతుంది. ‘నేర్చుకున్నాను’లో ‘కొను’ ఉన్నా ఫ్రెంచ్‌లో అది మామూలు ‘అవ్‌వార్’ క్రియే. మెట్లు ‘ఎక్కినా’ అక్కడ ‘అవ్‌వారే’ వస్తుంది, ఎందుకంటే వాళ్ళకి మెట్లు కర్మ. నిన్న చూసిన సినిమా గురించి మనం "బాగుంది" అనేస్తాం, వాళ్ళు ఆంపర్ఫే వాడతారు. అసలు ‘కలిగి ఉండు’ అనే క్రియని మనం మాటల్లో వాడనే వాడం. "నాకు అన్నయ్య ఉన్నాడు" అంటాం. కాబట్టి తెలుగు తాళంచెవి కాదు. దగ్గరి దారి మాత్రమే.

క్లాసులో తెలుగు రానివాళ్ళూ ఉంటారు, అందరికీ ఇంగ్లీషే కామన్ అని సార్లు అంటారు. నిజమే. పాఠమంతా తెలుగులో చెప్పమనడం లేదు. బోర్డు మీద ‘వెళ్ళాను’, ‘వెళ్ళేవాణ్ణి’ పక్కపక్కన రాయడానికి అర నిమిషం చాలు. హిందీవాళ్ళకి ‘గయా’, ‘జాతా థా’ ఉన్నాయి, అవీ రాయొచ్చు. ఎవరి ఇంటి భాష వాళ్ళకి ఆ క్లాసులో పనికొస్తుందని ఒక్కసారి చెప్తే చాలు.

నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఆలోచించలేదు. నర్సరీ నుంచి ఇంగ్లీషు మీడియం కదా, వ్యాకరణం అంటే ఇంగ్లీషుకే ఉంటుందనుకున్నా. తెలుగు మాట్లాడుకోవడానికి, తిట్టుకోవడానికి. మార్కుల కోసం దాన్ని వదిలేసినప్పుడు ఏదో పోగొట్టుకుంటున్నానని కూడా అనిపించలేదు.

మొన్న ఆదివారం అమ్మమ్మ ఫోన్ చేసింది. మాటల్లో, "సెలవులిస్తే చాలు వచ్చేవాడివిరా, ఇప్పుడు నెలలు గడిచినా రావు" అంది. అమ్మమ్మ ఐదో తరగతితో చదువు ఆపేసింది. ఆంపర్ఫే ఎక్కడ వాడాలో నాకంటే బాగా తెలుసు.

ఈసారి సెమిస్టర్ సెలవులకి వెళ్తాను. భూతకాలం సంగతి తర్వాత.