పసివాని కంచము

ఒక బాలుడు సాయంకాలము స్నేహితుని యింట ఆడుకొనుచున్నాడు. భోజనవేళయైనది. ఆ యింటి తల్లి తన బిడ్డలను అన్నమునకు పిలిచినది. వచ్చిన బాలుడు మాత్రము గదిలోనే కూర్చుండి, స్నేహితుడు తిని వచ్చువరకు వేచియున్నాడు. వానిని ఎవరును కసరలేదు, పొమ్మనలేదు, తినుమనియు అనలేదు. స్వీడను దేశమున పలు కుటుంబములలో ఇట్టి అలవాటు ఉండెడిదని 2022లో కొందరు తమ బాల్యస్మృతులను అంతర్జాలమున వెల్లడింపగా లోకము విస్తుపోయినది. మా యింట అట్టిది లేదనిన స్వీడనువారును అనేకులు. తామైనచో మఱియొక కంచము పెట్టియుందుమని అమెరికనులు పలువురు ఆశ్చర్యపడిరి. గుమ్మమెక్కిన వానిని "భోజనము చేసితిరా?" అని అడుగుటయే పలకరింపుగా గల మనకు ఆ మాట మఱింత వింతగా తోచుట సహజము.

కాని వింతపడి ఊరకుండుట విద్యావంతులకు తగదు. ఒక జాతి యాచారము మనకు మొరటుగా కనబడినపుడు, దాని వెనుక ఏ మర్యాద దాగియున్నదో విచారింపవలెను. ఆ బాలుని కొఱకు వాని తల్లి యింట వండియుంచును గదా, ఆమె వంటను వ్యర్థము చేయనేల అనునది వారిలో కొందరు చెప్పిన సమాధానము. అంతకంటె లోతైనది మఱియొకటి. పరుల ఉపకారము పొందుటవలన మనసుపై పడు భారమునకు స్వీడిషు భాషలో ఒక సమాసపదమే కలదు. కృతజ్ఞతాఋణమని దాని యర్థము. అట్టి ఋణమును పొరుగువానిపై మోపకుండుటయు అచట మర్యాదయే. విందునకు పోయినవారు ఆతిథేయుని మరల కలిసికొనినపుడు, మొన్నటి యాతిథ్యమునకు ధన్యవాదములని గుర్తుంచుకొని చెప్పుట వారి వాడుక. ఉపకారము చిన్నదైనను దానిని లెక్కలో వ్రాసికొను జాతి యది.

ఇక మరునాటి మధ్యాహ్నము ఆ బాలునే బడిలో చూతము. అచట వాని కంచములో వేడి భోజనము వడ్డింపబడుచున్నది. తండ్రి ధనికుడా, కూలివాడా యని అడుగువారు లేరు. బడి భోజనములకు ప్రభుత్వ ధనసహాయమును స్వీడను పార్లమెంటు 1946లో నిర్ణయించెను. నేడు నిర్బంధవిద్య పొందు బాలబాలికలకందరికిని అది చట్టప్రకారము ఉచితము. తినిన పిల్లవాడు ఎవరికిని ఋణపడలేదు. వాని తల్లిదండ్రులును ఎవరి యెదుటను తల వంచలేదు.

చిత్రమేమనగా, అదే 1946 జూనులో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ పాఠశాలా భోజన చట్టముపై సంతకము చేసెను. సంవత్సరమొకటే కాని మార్గములు వేరు. అమెరికాలో కుటుంబపు ఆదాయమును బట్టి కొందరికి ఉచితముగను, కొందరికి తగ్గించిన ధరకును, తక్కినవారికి పూర్తి ధరకును భోజనమిచ్చుట పద్ధతియైనది. పిల్లవాని పద్దులో పైకము లేనిచో అది బాకీగా మిగులును. బాకీపడిన పిల్లలకు తోటివారు చూచుచుండగా వేడి భోజనము తప్పించి, చల్లని రొట్టె చేతికిచ్చిన బడులు కలవు. ఇట్టి యవమానమును నిషేధించుచు న్యూ మెక్సికో రాష్ట్రము 2017లో చట్టము చేయవలసి వచ్చెను. ఆ దేశముననే ఎవడో యపరిచితుడు బడికి వచ్చి, తాను చూడని పిల్లల బాకీలన్నియు చెల్లించి పోవుటయు కలదు.

ఇంటికి వచ్చిన పిల్లవానిని గదిలో కూర్చుండబెట్టిన దేశము బడిలో అందరికిని అడుగకుండ పెట్టుచున్నది. ఇంట ఆదరముతో పెట్టు దేశము బడిలో పద్దు చూచుచున్నది. ఈ చిక్కు విడినచో ఆ రెండు దేశముల నిత్యజీవితము చాలవరకు మనకు బోధపడును.

ఇరువురికిని స్వాతంత్ర్యమే ప్రాణము. అయితే ఎవరినుండి స్వాతంత్ర్యమను చోట దారులు చీలినవి. అమెరికను ప్రభుత్వపు చేతిని శంకించును. కుటుంబమును, చర్చిని, పొరుగువారిని, స్వచ్ఛంద సంఘమును నమ్ముకొనును. 1831లో ఆ దేశమున పర్యటించిన ఫ్రెంచి రచయిత తోక్విల్, ప్రతి పనికిని అచటివారు సంఘములుగా కూడుటను చూచి అబ్బురపడి తన గ్రంథమున వివరించెను. స్వీడనువాడు మనిషి చేతికి లోబడుటకు వెనుదీయును. తండ్రి దయపై కుమారుడు, భర్త దయపై భార్య, దాత దయపై పేద బ్రతుకరాదని తలంచి, అందరికిని సమానముగ ఇచ్చు ప్రభుత్వమును నమ్ముకొనును. ఈ విషయమునే హెన్రిక్ బెర్గ్రెన్, లార్స్ ట్రెగోర్డ్ అను స్వీడిషు చరిత్రకారులు 2006లో ప్రకటించిన గ్రంథమున చర్చించిరి.

ఈ భేదము చిన్న పనులలోను కానవచ్చును. విశ్వవిద్యాలయమున చేరు స్వీడిషు విద్యార్థికి బోధన రుసుము లేదు. జీవనవ్యయమునకు లభించు సహాయము తల్లిదండ్రుల ఆదాయముపై ఆధారపడదు. అమెరికాలో కళాశాలలో చేరు యువకుడు సహాయమునకు దరఖాస్తు చేసినపుడు సాధారణముగ తల్లిదండ్రుల ఆదాయము తెలుపవలెను. స్వీడనులో 1971 నుండి భార్యాభర్తలకు వేర్వేరుగ ఆదాయపు పన్ను విధింపబడుచున్నది. అమెరికాలో దంపతులు కలిసి ఒకే లెక్క సమర్పించి, అందు లాభము పొందు పద్ధతి 1948 నుండి కలదు. అమెరికా హోటలులో వడ్డించువాని రాబడి చాలవరకు తినువాని యుదారతపై ఆధారపడును. ఈనాములు పొందువానికి యజమాని తన చేతినుండి ఇయ్యవలసిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లని సమాఖ్య చట్టమున 1991 నుండి నిలిచియున్నది. స్వీడనులో కూలిని కార్మిక సంఘములు యజమానులతో ఒప్పందము చేసికొని నిర్ణయించును. ఈనాము అచట ముఖ్యము కాదు.

సంబోధన మాటయు మన యుపాధ్యాయులకు ఆసక్తి కలిగించును. ఒకప్పుడు స్వీడిషులు పెద్దలను సర్వనామముతో పిలువక, "డైరెక్టరుగారు కాఫీ తీసికొందురా?" అని వారి యెదుటనే హోదా చెప్పి పలుకరించెడివారు. 1967లో ఆరోగ్యశాఖాధిపతియైన బ్రూర్ రెక్సెడ్, తన కార్యాలయమున అందరిని "నీవు" అనియే పిలుతునని ప్రకటించెను. అప్పటికే మొదలైన మార్పు ఆ దశాబ్దమున దేశమంతట వేగముగ వ్యాపించినది. నేడు అచటి విద్యార్థి గురువును పేరు పెట్టి పిలుచును. అది ధిక్కారము కాదు. అమెరికాలో ఉద్యోగి తన యజమానిని పేరుతో పిలిచినను, బడిపిల్లవాడు గురువు పేరునకు ముందు "మిస్టర్" అనియో "మిస్" అనియో చేర్చును. ఏ దేశమున గౌరవము ఎచట నిలిచియుండునో పైపైన చూచి చెప్పజాలము.

ఈ రెండు మార్గములకును లోపములు లేకపోలేదు. ఎవరికిని ఋణపడని బ్రతుకున ఎవరును తలుపు తట్టని సాయంకాలములును ఉండును. ఒంటరిగ నివసించువారు ఐరోపాలో మిక్కిలి యధికముగ గల దేశములలో స్వీడను ఒకటి. పొరుగువాని దయపై నడచు బ్రతుకున ఆ దయ దొరకని పిల్లవాని గతి యేమి? దాత వచ్చిన బడిలో బాకీ తీరినది. దాత రాని బడిలో చల్లని రొట్టెయే మిగిలినది.

ఈ ఇరువురు పరాయివారు కారు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమునుండి 1930 వరకు పండ్రెండు లక్షలకు పైగా స్వీడిషులు దేశము విడిచి, అత్యధికముగ అమెరికా చేరిరి. కరవు, పేదరికము వారిని తఱిమినవి. వారు విరివిగ స్థిరపడిన రాష్ట్రములలో మిన్నెసోటా ముఖ్యమైనది. కాలిఫోర్నియా, మెయిన్ రాష్ట్రములు 2022లోను, మిన్నెసోటా 2023లోను, ఆదాయమడుగక బడిపిల్లలందరికిని ఉచిత భోజనము పెట్ట మొదలిడినవి. పూర్వుల రక్తమే ఇందుకు కారణమనుట సాహసము. కాని జాతుల యలవాట్లు శిలాశాసనములు కావనుటకు ఇది నిదర్శనము.

మన బడులలోను కంచములు కలవు. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన పథకము, 2001 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుతో వండి వడ్డించు భోజనముగ స్థిరపడినది. ఆంధ్రప్రదేశమున 2024లో దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి తీరమున లంకల గన్నవరములో, వేళగాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టిన యిల్లాలు ఆమె. ఆమె పెట్టినది ఆదరము. ప్రభుత్వము పెట్టునది హక్కు. రెండును ఒకే కంచములో కలియుట అరుదైన యవకాశము.

ఆ యవకాశము వడ్డన వేళ మన యుపాధ్యాయుల చేతిలో నుండును. హక్కుగా వచ్చిన అన్నమును భిక్షవలె విదలించినచో పిల్లవాడు మఱచిపోడు. వరుసలో చివర నిలిచిన పసివానిని పేరుతో పిలిచి, ఇంకొంచెము పెట్టించుకొమ్మని చెప్పినచో, దానిని సయితము వాడు మఱచిపోడు.