డ్రోను గుట్ట దాటితే చాలదు

2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో మందుల పెట్టె మోసుకొని డ్రోను లేచింది. అప్పటి కేంద్ర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా, అప్పటి రాష్ట్ర మంత్రి కె.టి. రామారావు దగ్గరుండి ప్రారంభించారు. ‘మెడిసిన్ ఫ్రం ది స్కై’ అని పేరు పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వంతో ప్రపంచ ఆర్థిక వేదిక, నీతి ఆయోగ్ చేతులు కలిపాయి. వికారాబాద్ చుట్టుపక్కల 16 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ప్రయోగానికి ఎంచుకున్నారు.

కూలీల పక్షాన మాట్లాడేవాళ్లు యంత్రం పేరు చెబితేనే అడ్డం పడతారని కొందరి ఎగతాళి. మేము అడ్డం పడటం లేదు. తాండూరు కందిచేలో కలుపు తీసే కూలీకి పాము కరిస్తే గడియ గడియకూ ప్రాణం మీదికొస్తుంది. దగ్గరి సర్కారు దవాఖానలో విరుగుడు మందు అయిపోయిందంటే ఆ మనిషిని మోసుకొని ఎక్కడికి పోవాలె? అటువంటి వేళ పది సీసాల మందు తెచ్చి దించే డ్రోనుకు దండం పెడతాం.

అయితే ఆ డ్రోను ఎట్లా ఎగురుతుందో కూలీజనం తెలుసుకోవాలి. నడిపే మనిషి చేతిలోని పెట్టె నుంచి పోయే రేడియో తరంగాలే దానికి పగ్గం. అవి టార్చిలైటు వెలుగులాగా దాదాపు తిన్నగా పోతాయి. నడుమ అనంతగిరి గుట్ట అడ్డమొస్తే అవతల నీడ పడినట్లే, సిగ్నల్ తెగుతుంది. తెగినప్పుడు చాలా డ్రోన్లు ముందే చెప్పిపెట్టిన ప్రకారం బయలుదేరిన చోటికి తిరిగొస్తాయి. ఆ తిరుగు ఎత్తు గుట్టకంటే తక్కువ పెట్టారా, గుట్టకో చెట్టుకో కొట్టుకొని పడతాయి. పోనీ సెల్‌ఫోను టవరు మీదుగా నడుపుదామంటే, ఫోనే పలకని తండాలో డ్రోనుకు మాట ఎట్లా అందుతుంది?

దీనికి ఉపాయం లేకపోలేదు. అటూ ఇటూ కనపడేటట్లు గుట్ట నెత్తిన సిగ్నల్ అందుకొని ముందుకు పంపే కేంద్రం పెట్టాలి. దారి పొడవునా ఎత్తులు కొలవాలి. దిగేచోట మనిషి ఉండాలి. కంటికి ఆననంత దూరం పంపడానికి అనుమతి కావాలి. వికారాబాద్ ప్రయోగానికే కేంద్రం ప్రత్యేక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఇది ఒక్కరోజు సభతో తీరే పని కాదు. ఏడాది పొడవునా జీతాలిచ్చి చేయించాల్సిన పని.

ఆఫ్రికాలోని రువాండా కూడా గుట్టల దేశమే, మనకంటే పేద దేశం. అక్కడ 2016 నుంచి దవాఖానలకు రక్తం డ్రోన్ల మీద పోతున్నది. ఎగిరేది కంపెనీ డ్రోనే అయినా, సర్కారు ఒప్పందం చేసుకొని దాన్ని రోజువారీ ఆరోగ్య సేవలో కలుపుకున్నది. ప్రయోగం ప్రయోగంగానే మిగిలిపోతే పేదవానికి ఒరిగేదేముంది?

ఇంకో మాట. డ్రోను మందు తెస్తుంది, సూది వెయ్యదు. పాము విరుగుడు మందు కొందరికి పడదు. ఊపిరి ఆడకుండా చేస్తుంది. పక్కన డాక్టరు, నర్సు ఉండి తీరాలి. మందు దాచడానికి ఫ్రిజ్ ఉండాలి, దానికి కరెంటు ఉండాలి. రాత్రిపూట తాళం వేసిన దవాఖాన ముందు డ్రోను దిగితే ఎవరికి మేలు? డ్రోనును చూపించి పోస్టులు ఎగ్గొడతామంటే, రోడ్లు ఆపుతామంటే మేము ఒప్పుకోం.

నడిపే కొలువు ఎవరికి అన్నది కూడా తేలాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పైలటు సర్టిఫికెట్టుకు పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి ఉండాలి. కైకిలి చేసే ఇండ్లలోనూ పది పాసైన పిల్లలున్నారు. లేనిదల్లా శిక్షణకు కట్టే ఫీజు. పొలాల్లో పురుగుమందు కొట్టే డ్రోన్ల కోసం 15,000 మహిళా సంఘాలకు ధరలో 80 శాతం దాకా సాయం చేస్తామని కేంద్రం 2023లో పథకం తెచ్చింది. కూలి తగ్గించే డ్రోనుకు సాయం దొరికినప్పుడు ప్రాణం నిలిపే డ్రోనుకు ఎందుకు దొరకదు? సర్కారు ఖర్చుతో ఈ గుట్టల పిల్లలకే ఆ పని నేర్పాలి.

వికారాబాద్ ప్రయోగానికి ఎంత ఖర్చయింది, ఎన్ని మందులు చేరాయి, ఎన్నిసార్లు సిగ్నల్ తెగింది, ఈ లెక్క తెలుగులో రాసి ఊళ్ల ముందు పెట్టాలి. కార్యకర్తలు అంతదాకా ఆగనక్కరలేదు. రేపే నలుగురు కూలీలను వెంటబెట్టుకొని మీ ఆరోగ్య కేంద్రానికి పోండి. పాము విరుగుడు మందు ఇవాళ ఎన్ని సీసాలు ఉన్నదో, రాత్రి వేసేది ఎవరో అడిగి రాసుకొని రండి. పోరాటం ఆ కాగితంతో మొదలుకావాలి.