చిన్న ఆంప్లిఫయరు క్షేమమను భ్రమ

కచేరీ సాగుచుండగా స్పీకరు మూగవోయినచో, కారణవిచారణమునకు పూర్వమే "ఆంప్లిఫయరు పెద్దదగుటచేత కాలినది, చిన్నది పెట్టిన క్షేమము" అను తీర్పు సభానిర్వాహకుల నోట వెలువడుచుండును. మైకుసెట్ల వారును దీనినే వల్లించుచుందురు. ఈ అభిప్రాయము సర్వత్ర వ్యాపించియున్నదే కాని, సత్యము కాదు. సత్యము కాకపోవుటయే గాక, సంగీతమునకును సభల ధనమునకును ఏటేట హాని చేయుచున్నది.

1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెలాగ్ అనువారు ప్రకటించిన మార్గముననే నేటికిని నిర్మింపబడుచున్న స్పీకరు, తనకందిన విద్యుచ్ఛక్తిలో నూటికి కొద్ది పాళ్ళను మాత్రమే నాదముగా మార్చి, తక్కినదానినంతను కాయిలులో ఉష్ణముగా విడుచును. కావున కాయిలును దహించునది పెట్టెపై ముద్రించిన వాట్ల సంఖ్య గాక, ఎడతెగక దానిలో ప్రవేశించు సగటు శక్తి. మృదంగఘాతములు క్షణమాత్రము శిఖరమునకెగసి అణగిపోవును. అట్టి సంగీతమున సగటు శక్తి శిఖరశక్తిలో సుమారు పదియవ వంతై యుండుట సామాన్యము. ఆ శిఖరములను తెగకుండ మోయగల బలము గల ఆంప్లిఫయరు స్పీకరునకు శత్రువెట్లగును?

శత్రువు చాలని ఆంప్లిఫయరే. విశాలమైన శాలకు 100 వాట్ల పెట్టెను అమర్చి, వెనుక వరుసవారికి వినబడుటకై శబ్దము పెంచుచు పోయినచో, తరంగశిఖరములు ఖండితములై చదునగును. దీనినే క్లిప్పింగు అందురు. శుద్ధమైన సైను తరంగము పూర్తిగా చతురస్రాకృతి దాల్చునంతగా నడిపినచో, విద్యుత్సరఫరా సహకరించినంత మేర, ఆ 100 వాట్ల పెట్టె 200 వాట్ల వరకును కుమ్మరింపగలదు. ఆ స్థితిలో మంద్రస్వరముల శిఖరములు తెగుచుండ తారస్వరములు మాత్రము ఇంకను పెరుగుచు పోవుటచేత, వానిని పలుకు సుకుమారమైన ట్వీటరు మొదట ఆహుతియగును. పెద్ద ఆంప్లిఫయరును అజాగ్రత్తతో నడిపినను స్పీకరు కాలుననుట నిజమే. అది నడిపిన చేతి దోషముగాని పెట్టె దోషము కాదు.

శ్రీరామనవమి పందిళ్ళలో ఇంకొక అనర్థమును చూచుచుందుము. 8 ఓముల స్పీకర్లు రెండింటిని సమాంతరముగా కలిపిన భారము 4 ఓములగును, నాలుగింటిని కలిపిన 2 ఓములే మిగులును. ఆ భారమునకు ఉద్దేశింపబడని ఆంప్లిఫయరు వేడెక్కి ఆగి, చల్లారి మరల పలుకుచుండగా, వైరు లూజను నెపముతో ఆపరేటరు ప్లగ్గులు కదలించుచుండును.

అన్నింటికంటె ఘోరమైనది, కాలిన స్పీకరును తీసి మారుమాటాడక క్రొత్తదానిని తగిలించుట. ఆంప్లిఫయరులోని అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్టయి, రక్షణరిలేయు లేకయున్నచో, విద్యుత్సరఫరా వోల్టేజి నేరుగా డీసీ రూపమున కాయిలుపై పడును. అప్పుడు క్రొత్తదియు తొలి పాట ముగియకముందే బూడిదయగును. "ఈ కంపెనీ స్పీకరు మంచిది కాదు" అను రెండవ తీర్పు అప్పుడు పుట్టును. కావున తగిలించుటకు ముందు మల్టీమీటరును డీసీ వోల్టులకు త్రిప్పి, ఆంప్లిఫయరు అవుట్‌పుట్ వద్ద దాదాపు సున్న యున్నదా యని చూడవలెను. వైరు నుండి విడదీసిన 8 ఓముల స్పీకరు మీటరుపై సుమారు 6 ఓములు చూపుట సహజము, 1.5 వోల్టుల బ్యాటరీని క్షణకాలము తాకించిన టక్కుమనక, కోను కదలకయున్నచో కాయిలు తెగియున్నదని అనుమానింపవచ్చును. ఎడమ కుడి తీగలను మార్చి చూచినచో దోషము స్పీకరుతో పోవునో, ఆంప్లిఫయరు వద్దనే నిలుచునో తేటపడును. కచేరీ విరామము ఇందులకు చాలును.

కనుక క్రొత్త స్పీకరునకు ధనము మంజూరు చేయు సభాకార్యదర్శి ముందు మూడు ప్రశ్నలడుగవలెను: క్లిప్పింగును సూచించు దీపము ఎంతసేపు వెలిగినది, ఎన్ని ఓముల భారము తగిలించిరి, ఆంప్లిఫయరు అవుట్‌పుట్ వద్ద డీసీ ఎన్ని వోల్టులు కనబడినది? కొలిచి చెప్పిన సమాధానము లేనిచో చీటీపై సంతకము చేయరాదు.