పాడైన వస్తువే ప్రథమ పాఠము

మన విద్యార్థులలో విద్యుత్పరికరముల యెడ నుత్సాహము నానాటికి హెచ్చుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని మైక్రోకంట్రోలరును నేర్వగోరు బాలుడుగాని బాలికగాని ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములను ఎత్తి వ్రాసికొనుటతో నారంభింపక, తన యింట పాడైన యొక చిన్న వస్తువుతో నారంభింపవలెనని నా యభిప్రాయము.

మన చిట్కుల్ పరిసరములను చూడుడు. పాశమైలారము, పటాన్‌చెరువు, రామచంద్రాపురము ఇవన్నియు యంత్రములకు నెలవులు. మన విద్యార్థుల తలిదండ్రులలో ననేకులు ఆ యంత్రములకడ పని చేయువారు. మీట నొక్కువాడు మనుష్యుడే యైనను, యంత్ర మెప్పుడు తిరుగవలెనో యెప్పుడాగవలెనో నిర్ణయించునది నేడు తరచుగా లోపలి ప్రోగ్రామే. మీట మాత్రమే యెరిగినవానికిని లోపలి యాజ్ఞ నెరిగినవానికిని జీతమునందును గౌరవమునందును భేదము కలదు. మన పిల్లలు రెండవ తెగలో చేరవలెను.

హైదరాబాదునందలి ఈ.సీ.ఐ.ఎల్. 1969లో టీ.డీ.సీ.-12 అను కంప్యూటరును నిర్మించినప్పుడు, అట్టిది గొప్ప సంస్థలకు మాత్రమే దక్కెడి వస్తువు. నేడు వ్రేలిగోరంత చిప్పులో ప్రోగ్రామునకు 32 కిలోబైట్ల చోటు కలిగి, సెకనుకు 1 కోటి 60 లక్షల తాళములతో నడచు మైక్రోకంట్రోలరు విద్యార్థికి అందుబాటులో నున్నది. 2005లో ఇటలీ దేశమందలి ఇవ్రియా పట్టణమున విద్యార్థులకొరకు పుట్టిన ఆర్డ్యూయినో పలక యిట్టిదే. దాని నిర్మాణపటములు అందరికిని బహిరంగములు. విడిభాగములు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరకును.

అయితే పాడైన వస్తువు చేతికి రాగానే ప్రోగ్రాము వ్రాయ పూనుకొనరాదు. కరెంటు తీగను ఊడదీసి, ఫ్యూజు తెగినదా, కెపాసిటరు ఉబ్బినదా, సోల్డరు అతుకు విడినదా యని మొదట మల్టీమీటరుతోను కంటితోను పరీక్షింపవలెను. పెక్కు వస్తువులు ఇక్కడనే బాగుపడును. చిప్పే చెడినదని తేలినప్పుడు మాత్రము మన పని మొదలగును. దానిలోని ప్రోగ్రామును సాధారణముగా తయారుచేసినవారు ఇతరులు చదువకుండ తాళము వేసి యుంతురు. కాని ఆ వస్తువు చేయవలసిన పని మనకు తెలియును. ఆ పనిని తెలుగు వాక్యములలో స్పష్టముగా వ్రాయగలిగినచో ప్రోగ్రాము సగము ముగిసినట్లే.

ఉదాహరణమునకు, ఇంటిమీది నీటితొట్టికి మోటారును తానై నడిపి ఆపెడి పెట్టెను తీసికొందము. తొట్టిలో అడుగున నొకటి, అంచున నొకటి ఫ్లోటు స్విచ్చులు రెండుండును. నీరు అడుగు స్విచ్చికి దిగినచో మోటారు నడువవలెను. అంచు స్విచ్చికి చేరినచో ఆగవలెను. నడుమ నున్నచో అంతకుముందున్న స్థితియే కొనసాగవలెను. ఈ మూడవ వాక్యమును విడిచి అంచు స్విచ్చినే నమ్మినచో, చెంబెడు నీరు వాడగానే మోటారు మరల కదలును. అట్లు మాటిమాటికి ఆగి నడచి చెడును. నియమిత కాలములో తొట్టి నిండకున్నచో మోటారు నాపి యెఱ్ఱదీపమును వెలిగింపవలెననునది నాల్గవ వాక్యము. ఏలయన బోరులో నీరులేక వట్టిగా తిరిగిన మోటారు మాడిపోవును. మఱి కరెంటు పోయి వచ్చినప్పుడు నీరు నడుమ నున్నచో నేమి చేయవలెను? ఆపియుంచుటయే క్షేమమని నా తలంపు. ఎత్తి వ్రాసినవానికి ఈ ప్రశ్న తోచనే తోచదు.

తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెననునది ఉపాధ్యాయ శిక్షణమున మేము నేర్చిన సూత్రము. మొదటిదినమున 220 ఓముల రెసిస్టరుతో నొక చిన్న ఎల్.ఇ.డి. దీపమును వెలిగించి ఆర్పుడు. పిమ్మట స్విచ్చిని చేర్చుడు. స్విచ్చి నొకసారి నొక్కినను లోపలి రేకు క్షణకాలము పలుమారులు తాకి విడుచును గనుక, కొన్ని మిల్లీసెకనులు ఆగి మరల చూచుట నేర్వవలెను. తరువాతనే రిలే. 5 వోల్టుల చిన్న రిలే చుట్ట రమారమి 70 మిల్లీ ఆంపియర్లు లాగును. ఆర్డ్యూయినో కాలునుండి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీయుట మంచిది కాదు. కావున నడుమ ట్రాన్సిస్టరును, చుట్ట ఆగునప్పుడు పుట్టు ఎదురు వోల్టేజిని అణచుటకు డయోడును అవశ్యము. ఇంతవరకు పనియంతయు 5 వోల్టులతోనే సాగవలెను. 230 వోల్టుల తీగలను మోటారునకు కలుపు పని అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియనుదే. అక్కడ విద్యార్థి చేయి పెట్టరాదు.

క్రొత్త పెట్టెను కొనుటయే చవుక గదా, పరీక్షల కాలము చెడును గదా యని కొందరందురు. ఒక్క పెట్టె వెలనే లెక్కించినచో వారి మాట నిజమే కావచ్చును. కాని క్రొత్తది కొన్నవానికి పెట్టె మాత్రమే దక్కును. బాగుచేసినవానికి విద్యయు దక్కును. ఓము నియమమును పుస్తకమున వల్లించిన బాలుడు దానిని మరచునేమో కాని, దానితో రెసిస్టరు నెన్నుకొని దీపము వెలిగించిన బాలుడు మరువడు.

కావున మన పాఠశాలయందు మరమ్మతు పుస్తక మొకటి యుంచవలెను. వస్తు వేది, లోప మేది, చేసిన పరీక్ష లేవి, అది చేయవలసిన పనిని తెల్పు వాక్యము లేవి యని ప్రతి విద్యార్థియు దానిలో వ్రాయవలెను. బాగుపడని వస్తువును గూడ వ్రాయవలెను, వెనుక వచ్చువారికి అదియు పాఠమే గనుక. విద్యార్థులారా! మీ యింట మూలపడియున్న వస్తువు నేదైన నొకదానిని ఈ సెలవులలో బయటికి తీయుడు. అది యేమి చేయవలెనో నాలుగు వాక్యములలో వ్రాసికొని రండు. పలకయు తీగలును ఆ తరువాత చూచికొందము.