విడిపోయిన బల్ల

1529 అక్టోబరులో జర్మనీలోని మార్బుర్గ్ కోటలో ప్రొటెస్టంట్ సంస్కర్తలు మార్టిన్ లూథర్, జ్వింగ్లీ ముఖాముఖి చర్చించారు. చివరకు రాసుకున్న 15 అంశాల్లో 14 ఇద్దరికీ సమ్మతమే. ప్రభు భోజనం గురించిన ఆఖరి అంశంలో, అదీ ఒక్క భాగం దగ్గర, తెగిపోయింది. రొట్టెను తన శరీరమని యేసు చెప్పిన వాక్యాన్ని లూథర్ సుద్దతో బల్ల మీద లాటిన్‌లో రాసుకుని, అందులోని ‘అయి ఉన్నది’ అనే క్రియను కదలనివ్వలేదు. దాన్ని ‘సూచిస్తుంది’ అని అర్థం చేసుకోవాలన్నాడు జ్వింగ్లీ. తెలుగువాళ్లకు ఈ తగవు వింతగా తోస్తుంది. ‘ఇది మా ఇల్లు’ అనడానికి మనకు క్రియతో పనిలేదు. యేసు మాట్లాడిన అరమాయిక్‌లోనూ ఇలాంటి వాక్యం క్రియ లేకుండానే నిలుస్తుంది. అంతమాత్రాన ఇదంతా మాటల పట్టింపని కొట్టిపారేయకూడదు. నిజమైన మానవదేహం ఒకచోటే ఉంటుంది, పరలోకానికి వెళ్లి దేవుని కుడిపక్క ఉన్న క్రీస్తు దేహం రొట్టెలో ఎలా ఉంటుందని జ్వింగ్లీ అడిగాడు. దేవుని కుడిపక్క అంటే ఒక చోటు కాదు, అంతటా అని లూథర్ జవాబు. ఒకరు క్రీస్తు మానవత్వాన్ని, మరొకరు ఆయన మాటను కాపాడాలని చూశారు. రెండూ కాపాడుకోవలసినవే.

అయితే ‘ఎలా’ అన్నది తేలలేదని ప్రభు భోజనపు బల్లనే వేరుచేసుకోవాలా? అక్కర్లేదని నా వాదన. శరీరాన్ని గుర్తించకుండా తినవద్దన్న పౌలు హెచ్చరికను దీనికి అడ్డుగా చూపుతారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం మొత్తం చదవాలి. కలిగినవాళ్లు ముందే తిని తాగి, లేనివాళ్లను ఆకలితో ఉంచారన్నదే అక్కడ పౌలు బాధ. క్రీస్తు సన్నిధిని సరిగా నిర్వచించలేదని ఆయన ఎవరినీ నిందించలేదు. కథోలికుల అభ్యంతరం ఇంకా బరువైనది. రొట్టె ద్రాక్షారసాల రూపం మారకపోయినా పదార్థం మారుతుందని 1551లో ట్రెంట్ మహాసభ ప్రకటించింది. దివ్య సత్ప్రసాదం (ప్రభు భోజనం) విశ్వాసంలో ఐక్యతకు గుర్తు, ఆ ఐక్యత రాకముందే పంచుకుంటే గుర్తు అబద్ధమవుతుందంటారు. ఈ నిజాయితీని గౌరవించాలి. కానీ ఆ బల్ల గుర్తు మాత్రమే కాదు, ఆహారం కూడా. ఐక్యత కోసం ఆకలిగా ఉన్నవాళ్లకు దాన్ని ఐక్యత వచ్చేదాకా ఆపడం నాకు సబబుగా తోచదు. 1973లో స్విట్జర్లాండ్‌లోని లోయెన్‌బెర్గ్‌లో లూథరన్ సంఘాలు, జ్వింగ్లీ వారసత్వపు రిఫార్మ్‌డ్ సంఘాలు రొట్టె ద్రాక్షారసాలతో క్రీస్తు తననే ఇస్తాడని కలిసి చెప్పి, ‘ఎలా’ను తేల్చకుండానే బల్లను పంచుకున్నాయి. మార్బుర్గ్ తర్వాత 444 ఏళ్లకు! మన దగ్గర అంతకన్నా ముందే, 1947లో, దోర్నకల్ ఆంగ్లికన్లు, మెదక్ మెథడిస్టులు దక్షిణ ఇండియా సంఘంలో కలిశారు. రొట్టె గురించి వాళ్ల వివరణలన్నీ ఒకటి కావాలని ఎవరూ ఆగలేదు.