వల నడుస్తుండగానే ప్రయోగం

కొత్త బోధనాపద్ధతి వచ్చినప్పుడల్లా ఉపాధ్యాయునికి ఒక ధర్మసందేహం కలుగుతుంది. దానిని పరీక్షించాలంటే నిజమైన తరగతి కావాలి. తీరా అది విఫలమైతే చెడేది ఆ యేటి పిల్లల చదువు. ఇటువంటి చిక్కే విశ్వవిద్యాలయాలలో కంప్యూటర్ల వలలపై పరిశోధన చేసేవారికీ ఉన్నదని, దానికి వారొక ఉపాయం పన్నారని తెలిసి కుతూహలంతో చదివాను. ఈ శాస్త్రం నా వృత్తి కాదు. మీలో చాలమంది ఆ వృత్తిలోనివారే కనుక తప్పులుంటే దిద్దండి.

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ కసాడో, నిక్ మెక్యూన్ ప్రభృతులు 'ఈథేన్' అనే వలను నెలకొల్పి 2007లో దానిని గురించి ప్రకటించారు. 19 స్విచ్చిలు, 300 పైచిలుకు యంత్రాలు. ప్యాకెట్టు ఎటు పోవాలో నిర్ణయించడం ఒక పని, నిర్ణయించినట్లు పంపడం మరొక పని. ఈథేన్‌లో మొదటి పనిని స్విచ్చి నుండి తీసివేసి, కంట్రోలరు అనే వేరొక కంప్యూటరుకు అప్పగించారు. ఒక సంభాషణలోని మొదటి ప్యాకెట్టు కంట్రోలరు వద్దకు వెళ్తుంది. అది అనుమతిస్తే దారిలోని స్విచ్చిల పట్టికలలో ఒక పంక్తి చేరుతుంది. తరువాతి ప్యాకెట్లు ఆ పంక్తి ప్రకారం పోతాయి. కాలువ మీద తూము ఎత్తే లస్కరు నీటి పంపకం తానుగా నిర్ణయించడు కదా, పైనుంచి వచ్చిన ఉత్తరువును అమలుపరుస్తాడు. స్విచ్చి పని ఇక అంతే. దీనికే 2009లో 'సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్' అన్న పేరు వచ్చింది. మాటకు మాట తెనిగిస్తే అర్థం దక్కడం లేదు, ఆ ప్రయత్నం మానుకున్నాను.

2008లో మెక్యూన్, మరి ఏడుగురు కలసి 'ఓపెన్‌ఫ్లో' వ్యాసం ప్రకటించారు. అది విశ్వవిద్యాలయ ఆవరణలను ఉద్దేశించి వ్రాసినదే. స్విచ్చిలు చేసే కంపెనీలు లోపలి గుట్టు విప్పవు. మామూలు కంప్యూటరునే స్విచ్చిగా వాడదామంటే వేగం చాలదు, తీగలు తగిలించే చోట్లూ చాలవు. కనుక మధ్యేమార్గం: దాదాపు అన్ని స్విచ్చిలలో ఏదో ఒక రూపంలో ఉండే ఆ పట్టికను మాత్రం బయటినుండి దిద్దడానికి వీలివ్వండి, మిగతాది మీ రహస్యంగానే ఉంచుకోండి అని వారి మనవి.

ఆ వ్యాసంలో అమీ అనే ఒక కల్పిత పరిశోధకురాలు వస్తుంది. తాను కనిపెట్టిన కొత్త మార్గనిర్ణయ పద్ధతిని ఆమె తన బల్లమీది కంప్యూటరు నుండి బయలుదేరే ప్యాకెట్ల మీదనే నడుపుతుంది. మిగిలినవారి ప్యాకెట్లు ఎప్పటి దారినే పోతాయి. వ్యాకరణం చదివినవారికి ఇక్కడ ఉత్సర్గాపవాదాలు స్ఫురిస్తాయి. సామాన్యసూత్రం అంతటా ప్రవర్తిస్తుంది. విశేషసూత్రం తన చోటులో మాత్రమే దానిని బాధిస్తుంది. ఆ చోటు ఎంతవరకో తేల్చకుండా అపవాదాన్ని చెబితే మొత్తం వ్యవస్థ గందరగోళమే.

నాకు నచ్చినది ఇదే. వలను కాపాడే ఉద్యోగి పక్షాన ఎవరూ ఆలోచించరు. పరిశోధన ఫలిస్తే పేరు ఆచార్యునిది. హాస్టలులో మెయిలు ఆగిపోతే అర్ధరాత్రి ఫోను మోగేది ఈయన ఇంట్లో. ఆయన 'వద్దు' అనడం మూర్ఖత్వం కాదు, బాధ్యత. అటువంటి మనిషి నిర్భయంగా 'సరే' అనగల ఏర్పాటు చేయడమే ఓపెన్‌ఫ్లో ఘనత అని నా అభిప్రాయం. 2012లో గూగుల్ తన డేటాసెంటర్ల మధ్య వలను ఈ పద్ధతితోనే నడుపుతున్నట్లు ప్రకటించింది. ఆ ఘనత వేరు. దానిని గురించి వ్రాసేవారికి కొదవ లేదు.

కాని ఒక అభ్యంతరం ఉన్నది. ఈథేన్‌లో ఎవరు, ఏ యంత్రం నుండి, ఎక్కడ తగిలించుకొని ఉన్నారో కంట్రోలరుకు తెలుస్తుంది. వెనుకటి సంగతులు తిరిగి చూడడానికి వీలుగా ఆ వివరాల చిట్టా కూడా ఉంటుంది. మాటలు వినకపోయినా ఎవరు ఎవరితో మాట్లాడారన్నది ఒక్కచోట పోగుపడుతుంది. భద్రతకు ఇది మేలని దానిని నిర్మించినవారి వాదం. ఇరవయ్యేళ్ళ విద్యార్థికి కూడా మేలేనా?

2010లో 'ఫ్లోవైజర్' వచ్చింది. ఒకే వలను ముక్కలుగా పంచి, ఒకరి ముక్కలో మరొకరు చేయి పెట్టకుండా చూసేది అది. అందులో వినియోగదారుడు తన రాకపోకలలో తనకు ఇష్టమైన భాగాన్ని మాత్రమే పరిశోధకునికి అప్పగించవచ్చు. ఎంత మర్యాద! ప్రయోగానికి సమ్మతి అడిగారు. చిట్టాకు ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు? ఏ విశ్వవిద్యాలయమైనా ఇటువంటి వలను పెట్టుకొనేముందు ఆ చిట్టా ఎవరి చేతిలో ఉంటుందో, ఎన్నాళ్ళకు చెరిపివేస్తారో వ్రాసి హాస్టలు గోడమీద అంటించాలి. స్విచ్చిలు ఆ తరువాత కొనవచ్చు.